వరసలోకి జరిగిన బిందె

చింతాద్రిపేటలో దేవరాజులు కారు ఈమధ్య రెండుసార్లు నడిరోడ్డున వేడెక్కి ఆగింది. ఇంకోసారి ఆగితే అమ్మించేస్తానని అల్లుడు నరేన్ చెప్పాడు. ఆదివారం పది గంటలకు వచ్చి తానే నడిపి చూస్తానన్నాడు. అది దేవరాజులు భార్య అలమేలు పట్టుబట్టి కొనిపించిన కారు. ఆమె పోయింది. కారును పోనిచ్చే ఉద్దేశం ఆయనకు లేదు.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు కారు కింద దూరి రేడియేటర్ అడుగు గొట్టం ఊడదీశాడు. ఇంజన్ను చల్లబరిచే పాత కూలెంటు ఆకుపచ్చగా ప్లాస్టిక్ బిందెలోకి కారింది. కుక్కలు నాకితే చస్తాయని బిందెను పక్కకు లాగి పళ్ళెంతో మూసి, కొత్త కూలెంటు డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళాడు. ఎక్కడ పెట్టాడో మరిచి ఇల్లంతా వెతికాడు.

ఇంతలో నీళ్ళ లారీ వచ్చింది. ఆ వీధిలో మనిషి లేకపోయినా బిందె వరసలో ఉంటే చాలు. ఒంటరి మనిషి కదా అని పక్కింటి కమలాంబ ఆయన బిందెను కాలితో వరసలోకి జరిపింది. కాస్త బరువనిపించినా, అడుగున నిన్నటి నీళ్ళనుకుంది.

లారీ డ్రైవరు రంగసామి పళ్ళెం తీసి, ఎటో చూస్తూ గొట్టం పెట్టాడు. బిందె ఆకుపచ్చగా పొంగింది.

"ఏందయ్యా, లారీలో ఏం కలిపినారు?" అంది కమలాంబ.

"ఏమీ కలపలేదమ్మా, నీళ్ళే."

"అయితే ఓ గ్లాసు తాగి చూపించబ్బా."

రంగసామి వాసన చూశాడు. అతనికే అనుమానం వచ్చింది. గొట్టం వేలాడుతుండగానే లారీ తోలుకుపోయాడు. అప్పటికే నింపుకున్నవాళ్ళు బిందెలన్నీ కాలువలో కుమ్మరించారు.

దేవరాజులు డబ్బాతో బయటికి వచ్చాడు. "అది నా బిందె. కారులో పాత కూలెంటు. లారీ తప్పేమీ లేదు."

"ముందే చెప్పకూడదా అన్నా?" అంది కమలాంబ.

"నా బిందె జరపమని నిన్నెవరడిగినారు?"

"జరిపింది నేనే. వీధికి నీళ్ళు తెచ్చేది నువ్వే. పక్క వీధి పంపుకాడికి కారు తియ్."

"పదికి అల్లుడొస్తాడు."

"రానీ. ఆయనా మోస్తాడు."

దేవరాజులు రేడియేటర్ గొట్టం బిగించి, కొత్త కూలెంటు పోసి, లోపలి గాలి పోయేదాకా ఇంజను తిప్పి మూత పెట్టాడు. తర్వాత కారు బిందెలతో ఇటూ అటూ తిరుగుతూనే ఉంది.

నరేన్ వెతుక్కుంటూ పంపు దగ్గరికే వచ్చాడు. "మామా, వేడెక్కలేదా?"

దేవరాజులు ఇంజను వేడి చూపే ముల్లు చూపించాడు. అది సగం దాటలేదు.

"సరే, తాళమివ్వండి. నేనూ నడిపి చూస్తా."

"నువ్వు చూసేదేముందబ్బా, పొద్దుట్నుంచి వీధంతా చూస్తానే ఉంది," అంది కమలాంబ. "లారీ మళ్ళీ వచ్చేదాకా ఈ కారు యాడికీ పోదు."

అమ్మే మాట నరేన్ మింగేశాడు. డిక్కీ నిండింది, వెనక సీటు నిండింది, ఒక బిందె మిగిలింది. దాన్ని ముందు సీటులో పెట్టబోయాడు.

"ఆడ కాదు," అన్నాడు దేవరాజులు. "అది మీ అత్త సీటు."

నరేన్ బిందె భుజాన పెట్టుకుని కారు వెనకాల నడిచాడు.