గున్నమ్మ పాటకు ఎర్త్

రేడియో కడ్డీని చేత్తో పట్టుకుంటే పాట శుభ్రంగా వినిపిస్తుంది. వదిలేస్తే మళ్ళీ గరగర. ఎందుకు? ఈ సందేహం ఎల్లాజీకి ఇరవై రెండేళ్ళుగా ఉంది. అత్తగారు తాతమ్మ బతికున్న రోజుల్లో ఆవిడను అడిగితే, "మనిసి సేతిలో దేవుడు ఏదో ఎట్టినాడు బాబూ" అంది. బడిపంతులుగారిని అడిగితే "అది సైన్సు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఎల్లాజీ రోజూ గంగమ్మ తల్లి పటానికి దణ్ణం పెట్టనిదే బండి తాళం తిప్పడు. అందుచేత అత్తగారి మాటే నమ్మాడు. కానీ దేవుడు పెట్టిందేమిటో, ఆ సంగతి రేడియోకి ఎలా తెలిసిందో ఎవరూ చెప్పలేదన్న వెలితి మాత్రం ఉండిపోయింది.

సందేహం పుట్టిన రోజునే ఒక బాకీ కూడా పుట్టింది. పెళ్ళయిన మూడో రోజు ఎల్లాజీ అత్తవారింట్లో, బావ పోతురాజు కొత్తగా కొనుక్కున్న ట్రాన్సిస్టర్ ముందు కూర్చున్నాడు. కడ్డీ పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టాక, చేతికి బదులు తడి తువ్వాలు సరిపోతుందేమో చూద్దామని కడ్డీ మీద వేశాడు. కడ్డీ మొదలంటా విరిగింది. "రేపు కొత్తది తెస్తాను బావా" అన్నాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పోతురాజు కళింగపట్నం మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు గానీ, చెల్లెలి మొగుడు ఎదురైతే "బాగున్నావా" అనడు. "నా కడ్డీ ఏదిరా?" అంటాడు.

ఎల్లాజీకి ఒక పాత చేపల వ్యాను ఉంది. రోజూ తెల్లవారుజామున కళింగపట్నంలో చేపలూ ఐసూ ఎక్కించుకుని, శ్రీకాకుళం మీదుగా ఆమదాలవలస వెళ్తాడు. భార్య గున్నమ్మ పక్క సీట్లో కూర్చుంటుంది, అక్కడి మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఆ శుక్రవారం కూడా ప్రయాణం అదే. కాకపోతే దారిలో ఒక పని పడింది.

రెండు నెలల కిందట రేడియోవాళ్ళు ఊరికి వచ్చి, ఆడవాళ్ళ చేత వల లాగే పాట పాడించి, రికార్డు చేసుకుని వెళ్ళారు. ముందు పాడింది గున్నమ్మ. శుక్రవారం ఉదయం ఏడూ పదికి ప్రసారమని కార్డు వచ్చింది. సెల్‌ఫోన్లో వచ్చే ఎఫ్.ఎం.లో ఆ కార్యక్రమం రాదు. ఊళ్ళో పలికే రేడియో ఒక్కటీ మిగల్లేదు. వ్యానులో ఒకటి ఉంది, అది గరగర తప్ప మరో మాట ఎరగదు.

"పుట్టి బుద్దెరిగి నా గొంతు నేను ఇన్లేదు మావా. ఒక్కపాలే ఏస్తారంట. మళ్ళీ ఎయ్యరంట" అంది గున్నమ్మ.

"ఇనిపిస్తాను. గంగమ్మ తల్లి తోడు" అన్నాడు ఎల్లాజీ. అన్న తరువాత భయమేసింది.

గురువారం నాడు శ్రీకాకుళంలో రేడియో మెకానిక్కు భాస్కర్ దగ్గర బండి ఆపాడు. భాస్కర్ వ్యాను కప్పు మీద మొండిగా మిగిలిన ఏరియల్‌ను కదిపి చూశాడు.

"కడ్డీ కొత్తది ఏస్తాను. కానీ కడ్డీ ఒక్కర్తీ ఏటి సేస్తాది? దానికి జోడీ బండి బాడీ. కడ్డీ మొదలు, బాడీ ఇనుం, రెండూ సుబ్బరంగా తగలాల. దాన్నే ఎర్త్ అంటాం. నీ బాడీ అంతా ఉప్పుకి తుప్పట్టిపోనాది. గోకి, తెల్ల ఇనుం తేల్చి, అప్పుడు ఎర్త్ ఇస్తేగానీ స్టేషన్ అందదు" అన్నాడు.

"రేపు ఏడు గంటలకల్లా అవుతాదా?"

"ఆరున్నరకి వచ్చీ. అన్నీ సిద్దం సేసి ఉంచుతాను."

సాయంత్రం ఇంటికి వచ్చాక ఎల్లాజీకి నమ్మకం చాలక భాస్కర్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని ఎండుచేపల పందిరి వెనక్కి వెళ్ళి, గొంతెత్తి మాట్లాడాడు. పందిరికి అటుపక్క పోతురాజు భార్య దేవి చేపలు తిరగేస్తోంది. ఆమెకు ఎల్లాజీ మాటలే వినిపించాయి.

"ఆఁ, నేనే ఎల్లాజీని. రేపే ఎర్త్ ఎట్టీయాల. గట్టిగా ఎట్టాల... పాత బాడీ అంతా తుప్పే, నాకు తెలీదేటి? గోకి పారీ... ఏడు గంటలకల్లా స్టేషన్‌కి అందీయాల. ఒక్క నిమిసం లేటవకూడదు... మా బావకి మాత్రం తెలీనీకు. తెలిసిందా, నా పేనం తీసెస్తాడు!"

చివరి మాటకు కారణం ఉంది. తన కడ్డీ ఇవ్వడానికి ఇరవై రెండేళ్ళు చాలనివాడు సొంత బండికి ఒక్క రోజులో కడ్డీ వేయించుకున్నాడంటే పోతురాజు ఊరుకోడు.

దేవి చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. శుక్రవారం పదిగంటలకు మత్స్యకారుల సంఘానికి ఎన్నిక. సంఘంలో పాలకవర్గాన్ని అందరూ బాడీ అనే అంటారు. ఒకడి కాళ్ళ కింద ఇంకొకడు గొయ్యి తీస్తే ఎర్త్ పెట్టాడంటారు. ఇక స్టేషనంటే, కళింగపట్నానికి రైలు రాదు కాబట్టి, పోలీసులదే.

"కొంప మునిగిపోనాది!" అంటూ ఇంట్లోకి పరుగెత్తింది. "ఎల్లాజీ అన్నియ్య నీకు ఎర్త్ ఎడతన్నాడు! పాత బాడీని గోకి పారేసి, నిన్ను స్టేషన్‌కి అందిస్తాడంట!"

పోతురాజు నవ్వాడు. "ఎల్లాజీయా? తువ్వాలు ఆరెయ్యడం కూడా రాదే ఆడికి!"

"అదే మరి. ఇరవై రెండేళ్ళు అంత మెత్తగా ఉన్నాడంటే ఏటనుకోవాల?"

పోతురాజు నవ్వు ఆపేశాడు. సంఘంలో తన మనుషులు ముగ్గుర్ని పిలిచి సంగతి చెప్పాడు. గోకడమంటే ఓటర్ల పేర్లు గోకడమేనని ఒకడు తేల్చాడు. తుప్పన్నది అధ్యక్షుడి వయసునేనని రెండోవాడు కనిపెట్టాడు. మూడోవాడు నూకయ్య ఏమీ కనిపెట్టలేదు గానీ, ఆటో అతనిదే.

శుక్రవారం తెల్లారి వ్యాను బయలుదేరింది. దాని వెనక నూకయ్య ఆటో బయలుదేరింది. ఊరు దాటాక ఎల్లాజీ అద్దంలో చూశాడు. ఆటోలో బావ, అతని మనుషులు.

"ఓలమ్మో! కడ్డీ సంగతి తెలిసిపోనాది" అని వేగం పెంచాడు.

"సూడండ్రా, తప్పు సెయ్యనోడు అలా తోల్తాడేటి?" అన్నాడు పోతురాజు. వ్యానులోంచి కరిగిన ఐసునీళ్ళు చిమ్మి ఆటోలోవాళ్ళ మొహాల మీద పడుతున్నాయి. "నీళ్ళు కూడా కొట్టిస్తన్నాడు బావా" అన్నాడు నూకయ్య, తుడుచుకుంటూ.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గర రద్దీగా ఉండడంతో ఆటో చిక్కుకుపోయింది. ఎల్లాజీ భాస్కర్ షాపు ముందు ఆగేసరికి ఆరూ నలభై అయింది. "బేగి, బేగి! మా బావ ఎనకాలే వస్తన్నాడు!" అన్నాడు.

భాస్కర్ కొత్త కడ్డీ తెచ్చి, వ్యాను కప్పును గోకడం మొదలుపెట్టాడు. గోకినకొద్దీ తుప్పే. గట్టిగా గోకితే స్క్రూడ్రైవర్ లోపలికి దిగి గున్నమ్మ నెత్తి మీద ప్రత్యక్షమైంది.

"బాబూ, నీ బండిలో ఇనుం కన్నా ఉప్పే ఎక్కువున్నాది."

"అది తరవాత. పాట!" అంది గున్నమ్మ లోపలినుంచి.

భాస్కర్ కడ్డీని ఎలాగో కప్పుకు బిగించాడు. తలుపు కింద గోకితే అరచేతంత మేర మంచి ఇనుము దొరికింది. ఎర్త్ తీగను అక్కడికి లాగుతున్నాడు. ఏడూ ఆరు. రేడియో గరగరమంటోంది. అప్పుడు ఆటో వచ్చింది.

పోతురాజు దిగీ దిగగానే భాస్కర్ చొక్కా పట్టుకున్నాడు. "ఎర్త్ ఎట్టేది నువ్వేనా?"

"నేనేనండి. ఇంకా పూర్తవలేదు. సగమే ఎట్టాను."

"సగమే ఎట్టాడంట్రా! మరి పాత బాడీ మాటేటి?"

"దాన్లో ఏటీ నేదండి. ముట్టుకుంటే రాలిపోతన్నాది. నన్నడిగితే తూకానికి అమ్మీడమే మేలు."

నూకయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పోతురాజు మెడ మీద నరాలు లేచాయి.

"స్టేషన్‌కి ఎప్పుడు అందిస్తావు?"

"మీరు సొక్కా ఒగ్గితే ఇంకో మూడు నిమిసాల్లోనండి."

అప్పుడే పోతురాజు తలెత్తి కప్పు మీద తళతళలాడే కొత్త కడ్డీని చూశాడు. సంఘం, ఎన్నిక, పోలీసులు అన్నీ ఒక్క క్షణం పక్కకు పోయాయి. "కడ్డీ!" అన్నాడు. "నాకివ్వడానికి లేని కడ్డీ, నీకు వచ్చిందేటిరా!" ఒక ప్లాస్టిక్ చేపల ట్రేని బోర్లించి, దాని మీదికెక్కి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని లాగాడు. వ్యాను ఏమీ అభ్యంతరం చెప్పలేదు. అప్పడమంత కప్పు ముక్కతో సహా కడ్డీ ఊడి చేతికొచ్చింది. తీగ మాత్రం తెగకుండా వేలాడుతోంది.

భాస్కర్ కెవ్వుమని, తెగిపోబోయిన ఎర్త్ తీగను పట్టుకుని తలుపు కింది తెల్ల ఇనుముకు అదిమిపెట్టాడు.

గరగర ఆగిపోయింది.

"...కళింగపట్నం మత్స్యకార మహిళలు పాడిన వల పాట. ఈ పాటను తన తల్లి తాతమ్మ దగ్గర నేర్చుకున్నానని గున్నమ్మ చెప్పారు" అంది రేడియో.

పోతురాజు అదిరిపడి కడ్డీని కప్పు మీదికి జారవిడిచాడు. గరగర. గున్నమ్మ కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చింది.

"అన్నా! ఒగ్గకు! ఒగ్గినావంటే నీ గుమ్మం తొక్కను!"

పోతురాజు మళ్ళీ పట్టుకున్నాడు. పాట వచ్చింది. ట్రే మీంచి దిగబోయాడు. పాట సన్నబడింది. "దిగకండి బాబూ! అలాగే ఉండండి!" అని కిందనుంచి భాస్కర్ అరిచాడు. అతను తీగ అదిమి పట్టుకుని తారురోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. పోతురాజు ట్రే ఎక్కి, కడ్డీ పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పొద్దున్నే టీకి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. అధ్యక్షుణ్ణి చూసి ఒకాయన ఇది ఏ విగ్రహమని కూడా అడిగాడు.

*కెరటమా కెరటమా, కట్టె తెప్ప మాది,*
*నువ్వు కోపగించితే ఎవులింటికెల్తాము...*

తాతమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. అచ్చం ఆవిడ లాగినట్టే చివరి మాట లాగి పాడుతోంది గొంతు. పోతురాజుకు కళ్ళు తుడుచుకోవాలనిపించింది గానీ రెండు చేతులూ ఖాళీ లేవు. నూకయ్యే తన తువ్వాలుతో తుడిచాడు. అది ఐసునీళ్ళతో తడిసిన తువ్వాలు కావడంతో మొహమంతా చేపల వాసన కొట్టింది. అయినా పోతురాజు కదల్లేదు.

ఆరు నిమిషాలకు పాట అయిపోయింది. అందరూ గున్నమ్మ వైపు చూశారు. ఆమె మొహం ముడుచుకుంది.

"ఇది నా గొంతేటి? ఎవుల్దో ఎట్టీసినారు!"

"నీదేనే" అన్నాడు పోతురాజు ట్రే మీదనుంచే. "అమ్మదీ అలాగే ఉండీది."

గున్నమ్మ కొంగుతో రేడియో మీద తుప్పు రజను తుడిచింది.

ఎల్లాజీ భాస్కర్ దగ్గర చేరాడు. "ఏటి భాస్కరూ, మనిసి పట్టుకుంటే ఎందుకు పలుకుతాది?"

"మనిసి ఒళ్ళంటే సగానికి పైన ఉప్పునీరే కదా. గాల్లో వచ్చే రేడియో కెరటం దానికి బాగా తగుల్తాది. కడ్డీ పట్టుకుంటే కడ్డీ మనిసంత పొడుగైపోయినట్టే."

"అంటే అత్తమ్మ సెప్పిందే నిజం" అన్నాడు ఎల్లాజీ. "దేవుడు ఎట్టింది ఉప్పునీరన్నమాట." ఇరవై రెండేళ్ళ బరువు దిగినట్టయింది అతనికి.

పోతురాజు ట్రే దిగాడు. "మరి నాకెట్టిన ఎర్త్?"

"కడ్డీకి బావా."

"బాడీ?"

"వ్యానుది."

"స్టేషను?"

"రేడియోది."

పోతురాజు వెనక్కి తిరిగాడు. అర్థాలు చెప్పిన ఇద్దరూ టీకొట్టు బోర్డు చదువుతున్నారు. "మరి నాకు తెలీనీకని ఎందుకన్నావురా?"

"నీ కడ్డీ అడుగుతావని."

పోతురాజు చేతిలో ఉన్నదాన్ని చూశాడు. తరువాత చెల్లెలి మొహం చూశాడు. కడ్డీ చివర వేలాడుతున్న తీగను జాగ్రత్తగా విప్పి భాస్కర్‌కిచ్చి, కడ్డీతో ఆటో ఎక్కాడు.

పదిగంటలకు అధ్యక్షుడు చేతిలో మెరిసే కడ్డీతో, వెనక ముగ్గురు మనుషులతో, ఎర్రబడ్డ కళ్ళతో సంఘం ఆఫీసులోకి వచ్చాడు. పోటీ చేద్దామనుకున్నవాళ్ళు ఆ వాలకం చూసి పేర్లివ్వలేదు. పాత బాడీయే ఏకగ్రీవంగా మళ్ళీ వచ్చింది. ఎవరికీ ఎర్త్ పెట్టే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం పోతురాజు ఆ కడ్డీని పాత ట్రాన్సిస్టర్‌కు బిగించి, "బాకీ సెల్లిపోనాదిరా" అన్నాడు. మర్నాడు రోడ్డు మీద ఎదురైనప్పుడు జీవితంలో మొదటిసారి "బాగున్నావేటి?" అని అడిగాడు. ఎల్లాజీ అలవాటు కొద్దీ "రేపు తెస్తాను బావా" అన్నాడు.

వ్యానుకు మాత్రం మళ్ళీ కడ్డీ లేదు; రేడియో వినాలనిపించినప్పుడు ఎల్లాజీ బావను ముందు సీట్లో కూర్చోబెట్టి, తీగ చేతికిస్తాడు.