బియ్యపుగది కింద సొరచేప

వెదురు వంతెన వరదకు కొట్టుకుపోయిన ఏడు, పడమటి జావాలోని మా పల్లెకు మహాభాగ్యం పట్టింది. ఏటిగట్టు విరిగి, అరచేయంత పన్నొకటి బయటపడింది. ఎప్పుడో అంతరించిపోయిన రాకాసి సొరచేపదట. పట్నం బేరగాడు దాన్ని ముద్దుపెట్టుకుని నోట్లకట్ట తీశాడు. అంతే! ఊరు ఊరంతా గునపాలు పట్టింది.

గోతుల్ని తిట్టేవాళ్లకు బుద్ధి లేదంటాను. గోతులొచ్చాక మా ఊళ్లో దొంగతనాలున్నాయా? వచ్చిన ఒక్క దొంగా గోతిలో పడ్డాడు. పైకి లాగితే వాడి చేతిలో రెండు పళ్లు! ఇప్పుడు మా ఊరి అల్లుడు. ఊరిపెద్ద తన ఆఫీసుకు, గోతుల మీద అడ్డంగా వేసిన నిచ్చెన మీద వస్తాడు. డెవలప్‌మెంట్ అంటే ఇంకేమిటండీ?

నేను మాట తక్కువ మనిషిని. మా ఇంటి గడప ఎవరూ తొక్కేవారు కాదు. ఇప్పుడో? పక్కింటి ఎంకోస్ తన సొరంగాన్ని అడ్డంగా మా ఇంటి కిందికే తెచ్చాడు. నన్ను అబా అని, మా ఆవిడను అంబూ అని, కన్నవాళ్లను పిలిచినట్టే పిలుస్తాడు. పలకరింపులన్నీ మంచం కిందనుంచే!

"అబా, కాఫీ కాస్తున్నారా? వాసన ఇక్కడిదాకా కొడతా ఉంది!"

కూర్చున్నచోటికే చుట్టాలు! ఈ సుఖం రాజులకుందా?

ఒక్కటే చిక్కు. మా దగ్గర బియ్యపుగదిలో మగవాడు కాలు పెట్టకూడదు. అది ధాన్యపు తల్లి గది. ఇన్నేళ్ల కాపురంలో నేనే తొంగిచూడలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ ఎనాహ్ బియ్యం తీయబోతే, నేల చీల్చుకుని ఎంకోస్ తల లేచింది.

"నీ తలకాయ పగల! తల్లి గదిలోకొస్తావట్రా?"

"కాలు పెట్టలేదు అంబూ! తలేగా పెట్టింది!"

ధర్మసూక్ష్మమే మరి! అది తేలేలోపే నేల కుంగి, విత్తనాల కుండ ఒరిగి, నారు పోయాల్సిన వడ్లన్నీ అడుగునున్న ఊటబురదలో కలిశాయి.

"పోతే పోనీ అంబూ, ఒక్క పన్ను దొరికితే బస్తాలు కొనిపెడతా!" అన్నాడు ఎంకోస్ కిందనుంచి.

"అందరూ తవ్వుతా కూర్చుంటే పండించేదెవడ్రా, నీ సొరచేపా?"

పళ్లున్నప్పుడు శనగలుండవంటారు. మా ఊళ్లో ఇప్పుడు లక్షల ఏళ్లయినా అరగని పళ్లున్నాయి. మళ్లు మాత్రం గోతులైపోయాయి. మిగిలిన మడి మాదొక్కటే, దానికి విత్తనం లేదు.

తెల్లారి పార భుజాన వేసుకుని బయల్దేరాను. "అబా కూడా దిగారోయ్!" అని వీధంతా ఈలలేసింది. ఎంకోస్ గోతి ఒడ్డున నిలబడి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఒక్కసారే అడిగాను. తర్వాత పూడ్చడం మొదలుపెట్టాను.