వెలిగించని సిగరెట్

ఆ ఉదయం ఆ కొత్త దంపతుల ముందున్న సమస్య ఒక్కటే. పడకగదికి నీలం కర్టెన్లా, పసుపువా? ఎప్పటిలాగే పదకొండింటికి ఫోన్లో తేల్చుకుందామనుకుని ఎవరి ఉద్యోగానికి వాళ్ళు బయలుదేరారు.

భర్త ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. కాగితం గుట్టల మధ్య పొగ నిషిద్ధం గనుక, సిగరెట్ అలవాటున్నవాళ్ళకు మాత్రం పదకొండింటికి పది నిమిషాలు వెనక మెట్ల మీదికి వెళ్ళే వెసులుబాటు ఉంది. పెళ్ళయిన వారానికే అతనూ అలవాటున్నవాళ్ళలో చేరిపోయాడు. వెలిగించని సిగరెట్ ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని భార్యతో మాట్లాడేవాడు.

ఆ రోజు మెట్ల మీదికి ఒక డాక్టరు వచ్చాడు. పొగతాగే మగవాళ్ళలో పురుష హార్మోన్ ఎంత ఉందో, జింక్ మాత్రలు వేసుకుంటే అందులో మార్పేమైనా వస్తుందో పరిశీలిస్తున్నానన్నాడు. తనకు అలవాటు లేదంటే ఆ పది నిమిషాలూ పోతాయి. భర్త చెయ్యి చాపాడు. డాక్టరు రక్తం తీసుకుని మాత్రల సీసా, ఈ పరిశీలన వివరాలున్న ఒక కాగితం చేతిలో పెట్టాడు. కర్టెన్ల సంగతి తేలనే లేదు.

సాయంత్రం టిఫిన్ డబ్బా కోసం సంచి తెరిచిన భార్య, ఆ కాగితం చదివి కుర్చీలో కూలబడింది. తండ్రి సిగరెట్ దగ్గు వింటూ పెరిగిన పిల్ల. పెళ్ళికి ముందు అతణ్ణి అడిగింది ఒక్కటే, సిగరెట్ ముట్టరు కదా అని.

అత్తగారితో కలిసి చుట్టపుచూపుగా వచ్చిన మామగారు కళ్ళజోడు సవరించుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"నేను సిగరెట్ తాగను మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

ఆయన కాగితం మీద వేలు పెట్టారు. "అయితే లోపం పొగవల్ల వచ్చింది కాదన్నమాట."

"లోపమేం లేదండీ."

"మరి ఈ మందెందుకు బాబూ?"

అల్లుడు గోడవైపు చూశాడు. "తాగుతానండీ."

భార్య లేచి వెళ్ళి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఇక దాచి లాభం లేదని అతను మెట్ల సంగతీ, సిగరెట్ సంగతీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మడత పెడుతున్న దుప్పటి ఆమె చేతుల్లోనే ఆగిపోయింది.

"నాతో మాట్లాడ్డానికా?"

"ఇంకెవరున్నారు నాకు?"

ఆమె నేలచూపులు చూసింది. "బ్యాంకులో నేనూ కౌంటరు ఊరికే వదల్లేను కదండీ. కడుపులో తిప్పుతోందని రోజూ లేచి వస్తున్నా. వాళ్ళు వేవిళ్ళనుకున్నారు. నేను కాదనలేదు. మేనేజరుగారు కుర్చీలో దిండు కూడా వేయించారు."

వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన పడింది వేవిళ్ళన్న మాటొక్కటే. కూతురు వారిస్తున్నా వినకుండా ఆవిడ వియ్యపురాలికి ఫోన్ కలిపారు.

మామగారు కాగితాన్ని మరోసారి చదివి, మాత్రల సీసా చొక్కా జేబులో వేసుకుని, ఎవరికోసమో చెప్పకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు.