ఎడమ బుగ్గ బాకీ

మహానుభావులు కన్నుమూసిన క్షణాన దేశంలోని ప్రతి పౌరుడూ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఇది ప్రకృతి నియమమని జనం చాలాకాలం అనుకున్నారు. 1967 నుంచి ప్రభుత్వ నియమం కూడా అయింది. ఎక్కడ ఉండాలన్నది ప్రభుత్వం తేల్చింది గాని, ఎలా ఉండాలన్న విషయంలో ఇశ్రాయేలుకు అయిదేళ్ళుగా ఒక అనుమానం ఉండిపోయింది. నెహ్రూ గారు పోయారని విన్న నిమిషాన అతని కుడికంట నీరు కారిన మాట నిజం. అది ఆ పెద్దమనిషి కోసం కారిందా, కంట్లో పడ్డ సబ్బు నురగకు కారిందా అన్నది మాత్రం తేలలేదు. ఆదివారం ఆరాధనలో కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆ కన్నే గుర్తొచ్చేది. దేవుడికి తెలిసే ఉంటుంది. అడిగినా ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఇశ్రాయేలుది కారంపూడి దాపున ఒక పాలెం. ఎకరన్నర మెట్ట, ఎనిమిదో తరగతి చదువు, చర్చి సంఘంలో పెద్దరికం, ఇవీ అతని ఆస్తులు. 1964 మే నెలలో ఆ బుధవారం మధ్యాహ్నం అతను కారంపూడి బస్టాండు దగ్గర యేసుపాదం సెలూన్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మర్నాడు నకరికల్లులో మరదలి కూతురి ప్రధానం. యేసుపాదం మిలిటరీలో క్షౌరం నేర్చుకుని వచ్చినవాడు, అదే సంఘం మనిషి. (ఊళ్ళో మంగళ్ళకు పాలెం గడ్డాలు కనిపించేవి కావు. అందువల్ల పాలెమంతా యేసుపాదం దగ్గరికే వచ్చేది.) పావలా ముందే తీసుకోవడం అతని పద్ధతి.

కుడి బుగ్గ పూర్తయింది. ఎడమ బుగ్గకు నురగ పట్టించాడు. అప్పుడు పంచాయితీ ఆఫీసు వైపు నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి, నెహ్రూ గారు పోయారట, రేడియోలో చెబుతున్నారట అని కేకేశాడు. యేసుపాదం చేతిలో కత్తి ఆగిపోయింది.

"కూర్చో బావా, ఇప్పుడే వస్తా," అన్నాడు.

ఆ 'ఇప్పుడే' మూడు రోజులు పట్టింది. ఈలోగా బజారు కుర్రాళ్ళు "మూసెయ్యండి, మూసెయ్యండి" అంటూ వచ్చి సెలూను తలుపు చెక్కలు దించబోతే, ఇశ్రాయేలు ఎడమ బుగ్గ మీద నురగతో, కుడికంట నీటితో బజార్న పడ్డాడు. మర్నాడు ప్రధానానికి సగం గడ్డంతోనే వెళ్ళాడు. అక్కడి పెద్దలు చూసి, నెహ్రూ గారి మీద భక్తితో సగం గడ్డం మొక్కుకున్నాడనుకుని, పెళ్ళికొడుకు కంటే ముందు అతనికి దండ వేశారు. సబ్బు సంగతి అతను రెండుసార్లు చెప్పాడు. వినయం అన్నారు.

మూడో రోజున సెలూను తెరిచాక ఇశ్రాయేలు మిగతా బుగ్గ గీయమని వెళ్ళాడు. యేసుపాదం గడ్డాన్ని వేళ్ళతో తడిమి చూశాడు.

"బావా, ఇది బుధవారం నాటి గడ్డం కాదు. కొత్తగా మొలిచింది. కుడిపక్కా మొలిచింది. దీనికి మళ్ళీ పావలా అవుద్ది."

"మరి నేనిచ్చిన పావలాలో సగం?"

"అది బాకీనే. ఎడమ బుగ్గ నీకు నేను బాకీ. కాదన్నానా?"

కాదనలేదు. అయిదేళ్ళపాటు ప్రతి ఆదివారం గుడి మెట్ల మీద ఆ బాకీని ఒప్పుకుంటూనే వచ్చాడు.

ఈ లోపల నరసరావుపేటలో సంతాప స్థితి నమోదు కార్యాలయం వెలిసింది. ఎవరు దుఃఖించారో, ఎవరు ఊరకే ఉన్నారో లెక్క లేకపోతే రాబోయే దుఃఖానికి బడ్జెటు వెయ్యడం కష్టమని పై అధికారులు భావించారు. ఇకమీదట ఉద్యోగానికైనా, సీటుకైనా, విత్తనాలకైనా 'సంతాప స్థితి ధ్రువపత్రం' జతపరచాలి. పౌరుల్ని నాలుగు తరగతులు చేశారు. రేడియో పక్కన నిలబడి విన్నవారు మొదటి తరగతి. పని చేస్తూ విని, వెంటనే పని ఆపినవారు రెండు. విని కూడా పని ముగించినవారు మూడు. ఆ సమయాన నిద్రలో ఉన్నవారు నాలుగు. (వీరికి జరిమానా లేదు గాని, లేపినవారి పేరు, చిరునామా రాయాలి.)

కారంపూడి పంచాయితీ రేడియో గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. నమోదు పూర్తయ్యేసరికి ఆ గదిలో ఆనాడు వెయ్యిన్నూట అరవైమూడు మంది నిలబడి విన్నట్టు తేలింది. అందులో పదకొండు మంది బాలింతలు, ఒక పెళ్ళి బృందం, రెండు జతల ఎడ్లతో వచ్చిన రైతొకడు. యేసుపాదానిది నాలుగువందల రెండో నంబరు. ఆ కాగితం బలం మీదే బస్టాండులో సెలూనుకు స్థిరమైన చోటు దొరికింది. కాగితానికి అద్దం కట్టించి, గోడకు ప్రభువు పటం కింద తగిలించాడు.

ఇశ్రాయేలు మాత్రం ఏ తరగతికీ దరఖాస్తు పెట్టలేదు. అవసరం రాలేదు. 1969లో వచ్చింది. కూతురు ప్రేమకుమారి పదకొండో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి, టీచరు ట్రైనింగుకు ఫారం తెచ్చుకుంది. తండ్రి ధ్రువపత్రం, కనీసం రెండో తరగతిది, మే పదో తారీఖు లోపల జతపరచాలి. లేకపోతే ఆ ఏడు సీటు లేదు. మరో ఏడుకు వయసు మించిపోతుంది.

"ఏందయ్యా నీ పంతం?" అంది భార్య రూతమ్మ. "రేడియో కాడున్నానని రాస్తే పోయిందిగా. వెయ్యిమంది రాశారు, నీ ఒక్కడి కాళ్ళకే చోటు లేదా ఆ గదిలో?"

"అబద్ధ సాక్ష్యం ఎట్టా రాస్తానే? ఆజ్ఞ ఉంది."

"ఆజ్ఞ పొరుగువాడి మీద చెప్పొద్దంది. ఇది నీ మీద నువ్వు చెప్పుకునేదిగా!"

ఈ వాదంలో బలం ఉందని ఇశ్రాయేలుకు తోచింది. ఆ రాత్రి దేవుణ్ణి అడిగాడు. దేవుడు సబ్బు విషయంలో ఉన్నట్టే ఉన్నాడు. దాంతో తెల్లారి లేచి నిజమే రాశాడు: 'యేసుపాదం సెలూను, కుర్చీ, కుడి బుగ్గ అయిపోయి ఎడమ బుగ్గ కానుండగా.'

నరసరావుపేటలో నమోదు ఇన్‌స్పెక్టరు బాబూరావు ఆ ఫారాన్ని ఎటు తిప్పి చదివినా అదే కనిపించింది.

"ఇది చెల్లదయ్యా," అన్నాడు మర్యాదగానే. "ఆనాడు రెండు గంటల నుంచి షాపులన్నీ మూసి ఉన్నాయి. ఆర్డరుంది."

"ఆర్డరు సాయంత్రం అయిదింటికి వచ్చిందండి."

"వచ్చింది అయిదింటికి. అమలు రెండింటి నుంచి. మూసిన షాపులో నువ్వెట్టా కూర్చుంటావు?"

"మరి నేను యాడున్నట్టండీ?"

బాబూరావు రిజిస్టరు తిరగేశాడు. "ప్రస్తుతానికి ఎక్కడా లేవు," అన్నాడు. కొంచెం జాలి కూడా కలిపాడు. "ఎక్కడా లేనివాళ్ళ పిల్లలకు వేరే కోటా ఉంది, తండ్రి లేనివాళ్ళ కింద. రాయించుకుంటావా?"

ఇశ్రాయేలు తాను బతికే ఉన్నానని విన్నవించాడు. దానికి వేరే ఫారం ఉందని, అది మాచర్లలో ఇస్తారని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. అయినా మనిషి కదలకుండా నిలబడేసరికి, చివరి మార్గంగా స్థల తనిఖీకి ఒప్పుకున్నాడు. నాలుగు రోజులకు, మే మూడో తారీఖు శనివారం పొద్దెక్కేవేళకు, రిజిస్టరు చంకన పెట్టుకుని కారంపూడిలో బస్సు దిగాడు.

యేసుపాదం ఇన్‌స్పెక్టరు కోసం బల్ల తుడిచాడు, సోడా తెప్పించాడు. అలమర మీద కొత్త ట్రాన్సిస్టరులో ఏవో పాటలు వస్తున్నాయి.

"నెహ్రూ గారు పోయిననాడు నువ్వీ మనిషికి గడ్డం గీస్తున్నావా?" అని అడిగాడు బాబూరావు.

యేసుపాదం ఇశ్రాయేలు వైపు చూడలేదు, గోడ మీది కాగితం వైపు చూశాడు. "నేను రేడియో కాడ ఉన్నా సార్. నంబరు నాలుగొందల రెండు."

"ఒరేయ్ యేసుపాదం! నా కుడి బుగ్గ ఎవడు గీశాడు మరి?"

"నాకేం తెల్సు బావా? నేను లేను గదా."

"లేనోడివి అయిదేళ్ళ నుంచి గుడి మెట్ల మీద బాకీ బాకీ అంటన్నావేంది?"

"బాకీ ఉంది బావా. బాకీ కాదనను. నేను లేనని మాత్రమే అంటన్నా. నిన్ను కాదనటంలా, కాగితం అట్టా ఉంది. ఇది తప్పని రాస్తే నా సెలూను పోద్ది. ఆడపిల్లలు నాకూ ఇద్దరుండారు."

ఇశ్రాయేలుకు కోపం రావలసిన చోట కూతురు గుర్తొచ్చింది. ఆడపిల్లల లెక్క అతనికి అర్థమైంది.

బాబూరావు సోడా ముగించి, రూల్సు పుస్తకం తీసి, సాక్ష్యాలు కలవనప్పుడు ఆనాటి స్థితిని మళ్ళీ జరిపి చూడవచ్చునని చదివాడు. ఇశ్రాయేలు కుర్చీలో కూర్చున్నాడు. యేసుపాదం నురగ పట్టించి కుడి బుగ్గ గీశాడు. ఎడమ బుగ్గకు నురగ పట్టించి, "ఇక్కడిదాకేగా సార్?" అన్నాడు.

"అక్కడిదాకే. ఇప్పుడు వార్త వినబడ్డట్టు ఊహించుకో."

ఊహించుకోనవసరం లేకపోయింది. ట్రాన్సిస్టరులో పాట సగంలో ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా వీణ మొదలైంది. ఆ వీణ అర్థం దేశంలో అందరికీ అప్పటికే తెలుసు. ముగ్గురూ అలమర వైపు తిరిగారు. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు ఇక లేరని రేడియో చెప్పింది.

బయట బజారు చివర అప్పుడే "మూసెయ్యండి" కేకలు బయల్దేరాయి. యేసుపాదం గుమ్మం వైపు చూశాడు. కాళ్ళు అలవాటు ప్రకారం ఒక అడుగు వేశాయి కూడా. ఇశ్రాయేలు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పోమాక యేసుపాదం. ముందు బుగ్గ."

"కూర్చోవద్దు!" అని కేకేశాడు బాబూరావు, తానప్పటికే లేచి నిలబడి. "నిలబడండి! రేడియో పక్కన ఉన్నాం. నిలబడితే మొదటి తరగతి!"

ఇశ్రాయేలు మెడలో తువ్వాలుతో లేచి నిలబడ్డాడు. యేసుపాదం ఒక్క క్షణం ఆలోచించి, నిలబడ్డ మనిషి గడ్డం కింద ఎడమచెయ్యి పెట్టి పైకెత్తి, కత్తి పెట్టాడు. కణత నుంచి దవడ దాకా, దవడ నుంచి గొంతు దాకా, ఒక్క వెంట్రుక మిగలకుండా గీశాడు. కత్తి ఎక్కడా తడబడలేదు. మిలిటరీలో నేర్చుకున్న విద్య.

"అయిపోయింది బావా," అన్నాడు. తువ్వాలు కొసతో ఆ బుగ్గను తుడిచాడు. "మాఫీ చెయ్యి."

"మాఫీ ఎందుకు? తీర్చావుగా," అన్నాడు ఇశ్రాయేలు.

బాబూరావు ఇదంతా పట్టించుకోకుండా ఫారం నింపుతున్నాడు. ధ్రువపత్రానికి నెహ్రూ గారే కావాలని రూల్సులో ఎక్కడా లేదు. వ్యక్తి ప్రముఖుడై ఉండాలి, పోయి ఉండాలి. రెండూ ఉన్నాయి. దరఖాస్తుదారు రేడియో పక్కన ఉన్నాడు, నిలబడి ఉన్నాడు, సాక్షి సాక్షాత్తు ఇన్‌స్పెక్టరే. సాక్షి స్థితి కూడా మొదటి తరగతే గనక తన ఫారం కూడా అదే కలంతో నింపుకున్నాడు. చివర ఒక గడి మిగిలింది: 'కన్నీరు వచ్చెనా?'

అతను తలెత్తి చూశాడు. ఇశ్రాయేలు కుడికంటి నుంచి ఒక చుక్క బుగ్గ మీదికి జారుతోంది.

"వచ్చెను," అని రాశాడు.

"అయ్యా, అది సబ్బేమో..." అన్నాడు ఇశ్రాయేలు.

"సబ్బుకు గడి లేదయ్యా," అన్నాడు బాబూరావు, సీలు కొడుతూ.

మర్నాడు ఆదివారం. ఇశ్రాయేలు నున్నటి రెండు బుగ్గలతో గుడికి వెళ్ళి, పోయిన పెద్దమనిషి కుటుంబానికి ఆదరణ కోసం ప్రార్థించాడు, కూతురి కాగితం కోసం స్తోత్రాలు చెల్లించాడు. రెండింటిలో ఏది ముందు చెప్పాలో తేలక, వరస మార్చి రెండూ మళ్ళీ చెప్పాడు. జూన్‌లో ప్రేమకుమారికి సీటు వచ్చింది.

రాష్ట్రపతి గారు ఇంకో పది రోజులు బతికి ఉంటే గడువు దాటిపోయేది.