జయరామ్ గారి నేరశాస్త్రం, అంజలై చేపలబండి

వీధికొక నేరశాస్త్ర పండితుడు ఉండి తీరాలి! పాలబూత్ లేకపోయినా సర్దుకోవచ్చు, మందులషాపు లేకపోయినా ఎలాగో బతకవచ్చు. కానీ ఏది నేరమో, ఏ తరగతి నేరమో విడమరిచి చెప్పే మనిషి లేని వీధి కూడా ఒక వీధేనా?

మా పెరంబూరులో ఆ కొరత తీరింది. రైల్వే వర్క్‌షాపు స్టోర్స్‌లో ముప్పైనాలుగేళ్లు లెక్కలు రాసి రిటైరైన జయరామ్ గారు, ఊరికే కూర్చుంటే బుర్ర తుప్పు పడుతుందని ఆన్‌లైన్‌లో ఆరునెలల క్రిమినల్ లా కోర్సులో చేరారు. ఆ రోజు నుంచి వీధిలో నేరాలు పెరిగాయి. అంతకుముందూ జరిగేవే, పాపం వాటికి పేర్లుండేవి కావు.

పైవాటా వాళ్ల పూలకుండీ నీళ్లు ఆయన పంచెమీద పడితే ఆస్తినష్టం. ఎదురింటాయన స్కూటర్ గేటుకు అడ్డం పెడితే అక్రమ నిరోధం. పెళ్లివిందులో నలుగురు బంధువులు మీదపడి జాంగిరీల పళ్లెం లాక్కుంటే మామూలు దోపిడీ. ఐదోవాడు చేయి వేశాడా, బందిపోటు దోపిడీ! ఆ ఐదోచేయి తనదే అవబోతోందని తెలిసి జయరామ్ గారు వెనక్కి తీసుకున్నారు కూడా. చదువు సంస్కారం నేర్పుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

ఇంట్లోవాళ్లకూ అబ్బింది ఆ విద్య. షుగర్ ఉన్న ఈ పెద్దమనిషి ఒక మధ్యాహ్నం మైసూర్‌పాక్ డబ్బా దగ్గర భార్య వరదలక్ష్మికి దొరికిపోయారు.

"ఉద్దేశం ఒక్కటే ఉంటే నేరం కాదు. మూత తియ్యడం సన్నాహం. దానికీ శిక్ష లేదు" అని వాదించారు.

"చెయ్యి లోపల పెట్టినారు గదా, అది ప్రయత్నం" అని ఆవిడ డబ్బా లాక్కుంది. వంటింట్లో కూరలు తరుగుతూ ఆరునెలల పాఠాలూ విన్నదావిడ.

జయరామ్ గారికి పాత ఉద్యోగపు అలవాటు ఇంకొకటి ఉంది. వర్క్‌షాపులో సుత్తి మొదలుకొని కుర్చీ దాకా ప్రతిదాని విలువలో ఏటా పదిశాతం తరుగుదల రాయాలి. ఆయన ఇంట్లో సామానుకూ అదే రాస్తారు. పెళ్లినాటి బీరువా ఆయన లెక్కలో ఇప్పుడు ఇరవైఆరు రూపాయలు. తన విలువ ఎంతకు దిగిందో వరదలక్ష్మి ఇంతవరకు అడగలేదు, అది ఆయన అదృష్టం.

ఇలా ఉండగా ఒక ఉదయం అంజలై ఏడుస్తూ వచ్చింది. తాతలనాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. తెల్లవారకముందే రాయపురం పోయి చేపలు కొని, మూడుచక్రాల తొక్కుడుబండిలో వేసుకొచ్చి మా వీధుల్లో అమ్ముతుంది.

"గొలుసు తెంచేసి బండి ఎత్తుకపోయినారన్నా. ఇంటి ముందరే నిలబెట్టినా. బండి లేకుంటే ఆడినుంచి ఈడికి మీను ఎట్లా తెచ్చేది, ఏం తినేది?"

జయరామ్ గారి ముఖం వెలిగింది. తప్పుపట్టకండి! ఆరునెలలు కాగితాల మీద చదివినవాడికి నిజమైన నేరం నడిచి గుమ్మంలోకి వస్తే ఎలా ఉంటుంది?

"ఎవరన్నా నిన్ను బెదిరించినారా? కత్తి చూపించినారా?"

"లేదన్నా, నేను నిద్రపోతాండాను."

"అయితే దోపిడీ కాదు. ఇది వట్టి దొంగతనం."

"సరి అన్నా. బండి దొరుకుతుందా?"

"అది దర్యాప్తు. నా సిలబస్‌లో లేదు" అన్నారాయన నిజాయతీగా.

ఇద్దరూ స్టేషన్‌కు వెళ్లారు. అరుళ్ అనే రైటర్, అంటే ఫిర్యాదులు రాసుకునే కానిస్టేబులు, మర్యాదగానే కూర్చోబెట్టాడు. జయరామ్ గారు ఆగలేదు. దొంగతనం కాగ్నిజబుల్ నేరమనీ, అంటే పోలీసులు ఎవరి అనుమతీ అడగకుండా దర్యాప్తు చేయవచ్చనీ, ఎఫ్ఐఆర్ రాసి తీరాలనీ పాఠం చెప్పారు. అరుళ్ తలూపి ఫారం తీశాడు. పేరు, చిరునామా రాసుకున్నాడు.

"బండి విలువ ఎంతమ్మా?" అని తమిళంలో అడిగాడు.

కొత్తది కొనాలంటే పదిహేనువేలు. అంజలై ఆ మాటే అనబోయింది. జయరామ్ గారు చెయ్యెత్తి ఆపారు.

"నువ్వుండు. ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం కూడా నేరమే. ఎప్పుడు కొన్నావు, ఎంతకు?"

"ఆరేండ్లాయె అన్నా. తొమ్మిదివేలు."

ఆయన జేబులోంచి కాగితం తీశారు. ఏటా పదిశాతం చొప్పున ఆరేళ్ల తరుగుదల వేశారు. "నాలుగువేల ఏడువందల ఎనభైమూడు" అన్నారు, పైసలు రూపాయికి సరిచేసి.

అరుళ్ పెన్ను ఆగింది. "సార్, పాతబండికైనా మార్కెట్లో ఏడెనిమిది వేలు పలుకుతుంది. అలా రాసుకుందామా?"

"రాయకూడదు. లెక్క లెక్కే."

అరుళ్ ఒక్క నిట్టూర్పు విడిచి ఫారం మడిచి లోపల పెట్టాడు. కొత్త చట్టంలో ఐదువేలకు తక్కువైన దొంగతనం నాన్‌కాగ్నిజబుల్. మేజిస్ట్రేటు ఆర్డరు లేనిదే పోలీసు వెతకకూడదు. ఆ సంగతి జయరామ్ గారికి తెలుసు, మూడో పాఠం అదే. ఫిర్యాదు అందినట్టు ఒక రసీదు మాత్రం చేతికొచ్చింది.

ఎంత సూక్ష్మమైన శాస్త్రమో గమనించారా! దొంగ ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే బండి ఐదువేల మూడువందలు చేసేది, నేరం పెద్దదయ్యేది. కారు పోయినవాడికి దర్యాప్తు వెంటనే మొదలవుతుంది, ఎందుకంటే పోయింది ఖరీదైనది. అంజలైకి పోయింది బతుకే కదా, దానికి కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకోవాలి. కోర్టు తెరిచేవేళకు ఆమె చేపలు కుళ్లిపోతాయన్న విషయం ఏ సెక్షన్‌లోనూ లేదు. ఉంటే జయరామ్ గారు తప్పకుండా చెప్పేవారు.

పోయిన నెల పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆయనకు నూటికి తొంభైఒకటి. దొంగతనం విలువ మీద వచ్చిన ప్రశ్నకైతే పూర్తి మార్కులు. సర్టిఫికెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, నెత్తిన గంప మోసుకుంటూ అంజలై వచ్చింది. బస్సులో గంప ఎక్కించనివ్వడం లేదట, రాయపురం నుంచి నడిచే వస్తోంది. ఆయన సర్టిఫికెట్ చూపించారు. ఆమె గంప దించకుండానే చూసింది, మనసారా నవ్వింది.

"చానా సంతోషం అన్నా. మీరింకా పై చదువులు చదవాల. ఈ తూరి ఏమన్నా పోతే మాత్రం, స్టేషన్‌కి నేనొక్కదాన్నే పోతా."