మూడో మలుపు దగ్గర కూర్చుండిపోయిన కుక్కలు

"ఈ ఊళ్ళో నేరాలు ఇంకా జరుగుతున్నాయంటే దానికి ఒకటే కారణం. నేను రోజుకు ఏడు గంటలు నిద్రపోతాను. నేరస్తులకు దొరుకుతున్న సందు ఆ ఏడు గంటలే!"

తన కళ్ళద్దాల దుకాణంలో, గోడనిండా వేలాడుతున్న ఖాళీ ఫ్రేముల మధ్య నిలబడి ఈ మాటన్నవాడిని వీధి వీధంతా భూతద్దం అని పిలుస్తుంది. విన్నవాడు అతని బావమరిది, బళ్ళో డ్రాయింగు మాస్టారు. అతను తన అద్దాలకు ఊడిన మర బిగించమని ఇచ్చి నాలుగు రోజులైంది. ఆ మర ఎక్కడ పడిందన్నది కూడా ప్రస్తుతం దర్యాప్తులో ఉంది.

భూతద్దం ఇంతవరకు మూడు కేసులు చేపట్టాడు. మొదటిదాంట్లో ఫిర్యాదు చేసినవాడే దొంగ అని తేల్చి, అతని చేత చెంపదెబ్బ తిన్నాడు. రెండోదాంట్లో పోయిన గొడుగు ఫిర్యాదీ చంకలోనే దొరికింది. మూడోది ఇంట్లో పోయిన కత్తెర. అది తుది దశలో ఉందని అతనంటాడు. అతని భార్య, అంటే బావమరిది అక్క, మాత్రం కొత్త కత్తెర కొనుక్కుంది.

అలాంటి మనిషి దగ్గరికి కేసు పట్టుకుని రావలసి వచ్చినందుకు బావమరిదికి తన మీద తనకే జాలేసింది. కానీ వేరే దారి లేదు.

"బావా, గని చెరువు దగ్గర కుక్కలు నడవడం మానేశాయి," అన్నాడు.

ఊరి చివర ఒకప్పుడు బొగ్గు గని ఉండేది. బొగ్గంతా అయిపోయాక పంపులు ఆపేస్తే, తవ్విన గొయ్యి నీళ్ళతో నిండి పెద్ద చెరువైంది. చుట్టూ పోసిన మట్టిదిబ్బల మీద చెట్లు నాటారు. వాటి మధ్య నుంచి చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్ల కాలిబాట వేశారు. చుట్టుపక్కల కుక్కల్ని రానిచ్చే బాట అదొక్కటే. అక్కడ పది రోజులుగా ఏ కుక్కని తీసుకెళ్ళినా మూడో మలుపు దగ్గర చెవులు వాల్చి కూర్చుంటోంది. లాగినా లేవదు, బతిమాలినా లేవదు. బావమరిది కుక్క పేరు దిండు. దాని ఒడ్డూ పొడుగూ చూశాక పెట్టిన పేరది. దాన్ని ఎత్తుకుని వెనక్కి రావడంతో అతని నడుం పట్టేసింది.

"కుక్కల వల్ల ప్రజలకు ఆందోళన కలుగుతోందని కమిటీ వేశారు. కారణం తెలియలేదు కాబట్టి తప్పు కుక్కలదేనని కమిటీ తేల్చింది. రేపు వచ్చి బోర్డు పెడతారట, ఇక కుక్కలకు ప్రవేశం లేదట!"

"లేకపోతే ఏం?"

"నర్సమ్మగారి సంగతేంటి బావా?"

నర్సమ్మగారు బావమరిది పక్కింటావిడ, ఆసుపత్రిలో పనిచేసి రిటైరయింది. మోకాలికి ఆపరేషనయ్యాక మూడు నెలలు మంచం దిగనంది. ఆవిడ ముసలి కుక్క పొద్దున్నే గొలుసు నోట కరిచి తెచ్చి ఒళ్ళో పడేస్తుంటే, దాని పోరు పడలేక లేచి నడవడం మొదలుపెట్టింది. "పార్కుల్లో దీన్ని రానివ్వరు, రోడ్డు మీద బళ్ళు నన్ను రానివ్వవు. ఈ బాట కూడా మూస్తే మళ్ళీ మంచమే నాయనా," అని నిన్న ఆవిడ అన్నప్పటినుంచీ బావమరిదికి మనసు మనసులో లేదు.

"ఇంకో విషయం. మబ్బు పట్టిన రోజు మాత్రం కుక్కలు మామూలుగానే నడుస్తున్నాయట. అక్కడి కాపలాదారు చెప్పాడు," అన్నాడు.

భూతద్దం కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. కౌంటరు మీద గుద్దాడు. రెండు ఫ్రేములు కింద పడ్డాయి.

"తేలిపోయింది! నేల కింద దొంగ సొరంగం. ఒక ముఠా రహస్యంగా బొగ్గు తవ్వుతోంది. కుక్కలు పసిగట్టాయి!"

"మరి మబ్బు రోజున?"

"ముఠాకి సెలవు. నేరస్తులకు కూడా యూనియన్లు వచ్చేశాయి బావమరిదీ!"

మర్నాడు పొద్దున ఎండ ఫెళ్ళున కాస్తుంటే భూతద్దం మోకాళ్ళు దాటిన వానకోటుతో చెరువు దగ్గర దిగాడు. ఎవరూ గుర్తుపట్టకూడదట. గేటు దగ్గర కాపలాదారు లేచి, "నమస్కారం అద్దాల సార్," అన్నాడు.

ఈ కాపలాదారు గని ఉన్న రోజుల్లో అక్కడే డంపర్ లారీ నడిపినవాడు. సొరంగం మాట విని తల గోక్కున్నాడు. "పాతికేళ్ళు ఇక్కడ బొగ్గు మోశాను సార్. పిడికెడు బొగ్గు మిగిలున్నా ఇక్కడ చెరువు ఉండనిచ్చేవాళ్ళా?"

"అనుమానితుడు నంబర్ వన్," అని భూతద్దం బావమరిది చెవిలో చెప్పాడు. కాపలాదారుకి కూడా వినపడేలాగానే చెప్పాడు.

మూడో మలుపు దగ్గర దిండు, నర్సమ్మగారి ముసలి కుక్క పక్కపక్కనే చతికిలబడి ఉన్నాయి. నర్సమ్మగారు బెంచీ మీద మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది. భూతద్దం చూపు ఆవిడ సంచి మీద పడింది.

"అందులో ఏముందో తెలుసుకోవచ్చా?"

"బిస్కెట్లు."

"ఎవరికోసం?"

"కుక్కకి. మీకూ కావాలా?"

భూతద్దం ఒకటి తీసుకుని, వాసన చూసి, కొరికి, "మత్తుమందు లేదు," అని ప్రకటించాడు. అది కుక్కబిస్కెట్టని ఆవిడ మర్యాద కొద్దీ చెప్పలేదు.

తరవాత, ఆసుపత్రి అలవాటు కొద్దీ ఆవిడ సంచిలోనే ఉంచుకునే పాత స్టెతస్కోపు అడిగి తీసుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. కాసేపటికి అతని మొహం ఎర్రబడింది.

"టక్... టక్... టక్! తవ్వుతున్నారు! చాలా హడావిడిగా తవ్వుతున్నారు!"

నర్సమ్మగారు కష్టపడి వంగి చూసింది. "గొట్టం చివర మీ ఛాతీ కిందే ఉంది నాయనా. వినపడేది మీ గుండె. కాస్త ఎక్కువగానే కొట్టుకుంటోంది. ఆ కోటు విప్పండి."

బావమరిది తల పట్టుకున్నాడు. అతని చూపు బాట పక్కన ఉన్న చిన్న రేకు గది మీద పడింది. బీరువా అంత ఉంటుంది. పైన గొట్టానికి సౌరఫలక ఒకటి, దాన్నుంచి లోపలికి వైరూ ఉన్నాయి.

"అదేంటి?" అని కాపలాదారుని అడిగాడు.

"నీటిమట్టం కొలిచే మిషన్లు సార్. తాళంచెవి ఆఫీసులో ఉంటుంది."

"బావా, ఒకసారి ఆ గది చూస్తే..."

"ఎప్పుడో చూశాను. తాళం వేసి ఉంది. తాళం వేసిన చోట నేరం జరగదు. అది ప్రాథమిక సూత్రం."

ఇంతలో జీపు వచ్చి ఆగింది. దిగినావిడ ఈ బాట బాధ్యత చూసే అధికారిణి. వెనకసీట్లో 'కుక్కలకు ప్రవేశం లేదు' అని రాసిన కొత్త బోర్డు ఉంది. రంగు ఇంకా ఆరలేదు. కాపలాదారుని గొయ్యి తవ్వమంది. అతను గునపం అందుకున్నాడు గానీ, చేతులు రావడం లేదు.

"మేడమ్, ఇంకో వారం గడువు ఇవ్వండి," అన్నాడు బావమరిది.

"కమిటీ నిర్ణయం అండీ. నా చేతుల్లో ఏముంది?"

 నర్సమ్మగారు వంగి ముసలి కుక్క చెవులు నిమిరింది.

"ఆగండి!" అని భూతద్దం చెయ్యెత్తాడు. "మేడమ్, మీరు నిలబడ్డ చోట సరిగ్గా ముప్పై అడుగుల కింద ఏం జరుగుతోందో మీకు తెలియదు. నేను చూపిస్తాను. సొరంగం ఇక్కడ మొదలై..." అంటూ నేల వంక వేలు చూపిస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. "ఇలా వంపు తిరిగి, ఇదిగో ఇలా..."

"బావా, వెనకాల దిండు!"

"దిండు నాకెందుకు, నేను నిద్రపోయే..."

కాలు దిండు గొలుసుకి చిక్కుకుంది. భూతద్దం వెల్లకిలా పడి, రేకు గది పక్కనుంచి గట్టు కిందికి దొర్లాడు. దొర్లుతూ చేతికి అందింది పట్టుకున్నాడు. అందింది సౌరఫలక వైరు. అది ఫట్‌మని ఊడింది. ఒడ్డున నడుం లోతు నీళ్ళలో, వైరు పిడికిట్లోనే ఉండగా, కూర్చున్నాడు.

ఆ క్షణంలోనే రెండు కుక్కలూ లేచాయి. ఒళ్ళు దులుపుకున్నాయి. ముసలి కుక్క గొలుసు బిగలాగి, "పద" అన్నట్టు నర్సమ్మగారి వంక చూసింది.

బావమరిది కుక్కల్ని చూశాడు. వైరు చూశాడు. సౌరఫలక చూసి, పైన ఎండ చూశాడు. "మేడమ్, ఈ గది తెరవండి," అన్నాడు.

అధికారిణి జీపులోంచి ఆఫీసు తాళంచెవుల గుత్తి తెచ్చి తాళం తీసింది. లోపల మీటరు పక్కన ఓ తెల్ల డబ్బా. దాని మీద రాసింది కాపలాదారు పైకి చదివాడు. "ఎలుకల్ని తరిమే ధ్వని యంత్రం. ఎండతో పనిచేయును. మనుషుల చెవికి వినపడదు."

"కుక్కల చెవి సంగతి రాయలేదా?" అంది నర్సమ్మగారు.

రాయలేదు. బిగించిన తేదీ మాత్రం ఉంది, పదకొండు రోజుల కిందటిది. మంజూరు చేసినవారి సంతకం కూడా ఉంది. అది అధికారిణిదే. డబ్బా వెనకాల, కొరికిన వైరు తొక్కలతో కట్టుకున్న గూట్లో ఓ ఎలుక ఆరుగురు పిల్లలతో వెచ్చగా పడుకుని, తలుపు తీసినందుకు వీళ్ళ వంక చిరాగ్గా చూసింది.

అధికారిణి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడే భూతద్దం నీళ్ళోడుతూ గట్టెక్కాడు. "చూశారా! నేను నీళ్ళలో దూకగానే ముఠా సొరంగం ఖాళీ చేసి పారిపోయింది. కుక్కలే సాక్షి!"

"అది కాదు బావా, ఈ డబ్బా..."

"ఆగండి మాస్టారూ," అని అధికారిణి గబగబా పెన్ను తీసింది. "ఆయన్ని చెప్పనివ్వండి. ఏమన్నారు సార్? ముఠాలో ఎంతమంది?"

"పన్నెండు."

"గుర్తుతెలియని పన్నెండుమంది ముఠా..." ఆవిడ రాసుకుంటూ పోయింది. "ప్రైవేటు పరిశోధకుని సాహసం వల్ల పరారు. కుక్కల తప్పు లేదని తేలినది. నిషేధం రద్దు." రాస్తూనే మోచేత్తో తెల్ల డబ్బాని కాపలాదారు వైపు నెట్టింది. అది చడీచప్పుడు లేకుండా జీపులోకి వెళ్ళి బోర్డు కింద దాక్కుంది.

"సాక్షి సంతకం కావాలి," అని కాగితం జీపు బానెట్టు మీద బావమరిది ముందు పెట్టింది.

బావమరిది ముప్పై మంది పిల్లలకి నిజమే గీయాలని చెప్పే మాస్టారు. పెన్ను పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. తల ఎత్తితే, మూడో మలుపు దాటి నర్సమ్మగారు వెళ్ళిపోతోంది. ఆపరేషనయ్యాక ఆవిడ అంత వేగంగా నడవడం అతనెప్పుడూ చూడలేదు. ముందు ముసలి కుక్క, వెనక ఆవిడ.

సంతకం మొదలుపెట్టాడు. వాళ్ళ వెంట పడాలని దిండు ఒక్క గుంజు గుంజింది. ఆఖరి అక్షరం కాగితం దాటి జీపు బానెట్టు మీదిదాకా సాగింది.

"ఏంట్రా ఆ వణుకు?" అని భూతద్దం అతని భుజం తట్టాడు. "భయపడకు. ఒక్కడు కూడా మిగల్లేదు."