నలభై ఒక్క డిగ్రీల కోడి

శనివారం పొద్దున రాజంపేటలోని ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకూ కోడి మీదే ధ్యాస. రేపు చర్చి నుంచి రాగానే పెరట్లోని నల్లకోడిని పులుసు పెట్టాలని జీవమ్మ అనుకుంది. ఆమె కొడుకు యేసుప్రసాద్ ముందే మసాలా తెచ్చిపెట్టాడు. కోడలు ప్రేమజ్యోతి కోడి మాత్రం కంప్యూటరులో ఉంది. కోడి రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఎలా పట్టుకుని ఎలా వదులుతుందో నమూనా కట్టడం ఆమె పరిశోధన. సాయంత్రానికల్లా అది కుదరకపోతే సోమవారం సెమినార్‌లో ఆమె పేరుండదు. మళ్లీ అవకాశం వచ్చే ఏడే.

"సార్, కోడి ఆక్సిజన్ పట్టుకుంటోంది గానీ వదలడం లేదు. ఇట్లయితే ఒంటికి ఏమందుతుంది?" అని ఆమె ఫోనులో గైడుతో ఏడుపు గొంతుతో అంటుంటే జీవమ్మ విన్నది. పెరట్లోకి చూసింది. నల్లకోడి ఎండకు నోరు తెరిచి రొప్పుతోంది. ఇంకేం కావాలి? దాన్ని గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయలుదేరింది.

"ఏం జీవమ్మక్కా, గంపెత్తుకోని యాడికి పోతాండావు?" అంది ఎదురింటి వెంకటేశ్వరమ్మ.

"కోడికి గాలి ఆడల్యా. మా కోడలు కంప్యూటర్లో కనిపెట్టింది."

"కంప్యూటర్లోనే పడిందంటే శానా పెద్ద రోగమే! మా కోడి గూడా పొద్దున్నించి నోరు తెరుస్తాండాది."

వీధి దాటేసరికి గంపలు ఆరు, ఆసుపత్రి చేరేసరికి పంతొమ్మిది. చికెన్ అంగడి హనుమేష్ నేరుగా ఇంటికొచ్చి యేసుప్రసాద్‌ను నిలదీశాడు. "ఏమప్పా, మీ కంప్యూటర్ దెబ్బకు నా అంగట్లో ఈగ గూడా వాలల్యా!" సంగతి తెలిసి ప్రేమజ్యోతి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

ఆమె గుమ్మం ఎక్కేసరికి డాక్టరు నల్లకోడికి పెట్టిన థర్మామీటరు చూస్తున్నాడు. "నలభై ఒకటి."

"అయ్యో దేవా!" అంది జీవమ్మ. "నాకు ముప్పై తొమ్మిదికే ఒళ్లు తెలీల్యా!"

"అది మనిషి లెక్కమ్మా. కోడికి నలభై ఒకటే ఆరోగ్యం. నీడలో పెట్టి నీళ్లు తాపండి, సాలు. ముప్పై ఏడుకు దిగితే తీసుకురాండి, అదీ బతికుంటే."

ప్రేమజ్యోతి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మనిషి హిమోగ్లోబిన్‌కు చేసిన పాత ఫైలునే ఆమె కోడికి వాడింది. అన్నీ మార్చింది, ముప్పై ఏడు డిగ్రీలు తప్ప. చల్లబడితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మూడు వారాలుగా ఆ కంప్యూటరు కోడి చలికి ముడుచుకుని కూర్చుంది.

"తిట్టొద్దు తల్లీ, భయమేసి తెచ్చినా" అంది జీవమ్మ.

"తిట్టేదేంది అత్తా! నువ్వు ఈ గంప ఎత్తుకోకుంటే నా ఏడాది మట్టిలో కలిసేది" అంటూ ప్రేమజ్యోతి ఆమెను, మధ్యలో ఉన్న గంపతో సహా, వాటేసుకుంది.

సాయంత్రానికి లెక్క కుదిరింది. సెమినార్‌కు పంపిన వ్యాసం చివరి పేజీలో గైడు పేరు కింద "మా అత్త జీవమ్మకు, ఆమె నల్లకోడికి కృతజ్ఞతలు" అని ఉంది. జీవమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుంది.

"పేరు పడిన కోడిని యాడన్నా కోస్తారా?" అంది.

ఆదివారం సంగటిలోకి పప్పు వేసుకున్న యేసుప్రసాద్ కృతజ్ఞతా ప్రార్థన చేశాడు, కాస్త పొట్టిగా.